ఎనిమిది కాళ్ల చీమ

ఆ రోజుల్లో, అంటే మరీ పాతకాలమేం కాదు, పదేళ్ల కిందట, ఎమ్మెస్సీ జువాలజీ చదివే నాకు తెలియని పురుగు ఈ భూమ్మీద లేదని నా గట్టి నమ్మకం. (ఇప్పుడు ఆ జబ్బు మా అమ్మాయికి అంటుకుంది; వయసు ఆరు.) బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో పుట్టినవాడు రైల్వే పరీక్ష రాసి తీరాలని మా నాన్న. పురుగుల శాస్త్రవేత్తనైపోవాలని నేను. అప్పుడే ఊరికి దూరంగా ఉన్న అభయారణ్యంలో సర్వే చేస్తున్న భూతద్దం సారు (పేరు మేం పెట్టిందే), అక్కడ వెల్వెట్ యాంట్‌ను పట్టి తెచ్చినవాడికి సహాయకుడి ఉద్యోగం ఇస్తానన్నాడు. "చీమల్ని పట్టే ఉద్యోగవేటిరా? సరే, వారం రోజులు చూస్తాను. దొరక్కపోతే నోరు మూసుకుని కోచింగులో చేరాల" అన్నారు నాన్న.

సారు పగిలిన ఫోను తెరమీద చూపించిన బొమ్మలో ఏదో ఎర్రగా, మఖమల్‌లా కనబడింది. నాలాంటి మేధావికి అంతకంటే ఏం కావాలి! తొలకరికి అడవి దారి పొడుగునా అలాంటివి బోలెడు. అగ్గిపెట్టెలో దూది పరిచి ఇరవై ఏరుకొచ్చాను. మామ్మ మూత తీసి చూసి, "ఆరుద్ర పురుగులేరా ఇవి, చీమలేటి?" అంది. "నీకు సైన్సు తెలీదులే మామ్మా" అన్నాను, జాలిపడుతూ.

మర్నాడు అడవిలో అందరి ముందూ సారు పెట్టె తెరిచి, "కాళ్లు లెక్కపెట్టు బేటా" అన్నాడు. లెక్కపెట్టాను. ఎనిమిది. మళ్లీ లెక్కపెట్టాను. తగ్గలేదు. "ఇది సాలీడుకి చుట్టం. పురుగే కాదు" అన్నాడు. "మా ఇంట్లో పురుగనే అంటారు సార్." "అచ్ఛా! మీ ఇంట్లోవాళ్లు ఎమ్మెస్సీ చదవడం లేదుగా."

సిగ్గుతో చచ్చిపోయి, దూరంగా ఒక సాల్ చెట్టు మొదట్లో కూలబడ్డాను. కూర్చున్నానో లేదో, కింద నిప్పు పెట్టినట్టు మంట! కెవ్వుమని లేచి, కుట్టినదాన్ని చెప్పుతో టపటపా బాదాను. సారు పరిగెత్తుకొచ్చి ముద్దని భూతద్దంలో చూసి, "వెల్వెట్ యాంట్" అన్నాడు, ఏడుపు గొంతుతో. ఆ ఏడు దొరికింది అదొక్కటే. (చీమ కూడా కాదట, రెక్కల్లేని కందిరీగట.)

సోమవారం కోచింగులో చేరాను, ఓ పక్కకి ఒరిగి కూర్చుని.

ఇప్పుడు రైల్వే ఆఫీసులో ఫైళ్లు తిప్పుతున్నాను. మొన్న తొలకరికి మా అమ్మాయి అరచేతిలో ఎర్రటిదాన్ని తెచ్చి, "నాన్నా, ఇదేటి?" అంది. ఇప్పుడు లేని మా మామ్మ గుర్తొచ్చి, "ఆరుద్ర పురుగమ్మా" అన్నాను. అది గబగబా కాళ్లు లెక్కపెట్టి, "ఎనిమిది! పురుగే కాదు. నీకు సైన్సు తెలీదులే" అంది, జాలిపడుతూ. నవ్వొచ్చింది. చెయ్యి మాత్రం దానంతటదే వెనక్కి వెళ్లి పాతచోటు తడుముకుంది.