రత్తమ్మ పాకదాకా వెళ్ళే బండి

పోయిన వానాకాలం దాకా వీరబాబు బండి సీటు మీద ప్లాస్టిక్ కవరు అలాగే ఉండేది. కొని రెండేళ్ళయినా తీయలేదు. ఎండకి అది చురుక్కుమంటే తువ్వాలు పరుచుకుని కూర్చునేవాడు గానీ కవరు జోలికి వెళ్ళేవాడు కాదు. లంకలో గేదెలకీ ఆవులకీ సూదులు వేసే గోపాలమిత్ర అతను. డాక్టరు చదువు చదవకపోయినా అందరికీ డాక్టరుగారే. నేను అక్కడి బడి పంతుల్ని. రోజూ ఒకే పడవలో గోదావరి దాటుతాం.

ఆ పడవ చిన్నది. బండి ఎక్కించాలంటే పక్కకి పడుకోబెట్టాల్సిందే. పడుకోబెడితే గీతలు పడతాయి. అందుకని వీరబాబు బండిని ఇవతలి ఒడ్డున వదిలి, అవతల నాలుగు కిలోమీటర్లూ నడిచేవాడు. బండి నిన్ను మోస్తోందా, నువ్వు బండిని మోస్తున్నావా అని నేను వేళాకోళం చేస్తే నవ్వేసేవాడు.

ఆ వానాకాలంలోనే రత్తమ్మ గేదె ఈనలేక పడిపోయింది. రత్తమ్మ ఒంటరి మనిషి, ఆ గేదె పాలే ఆవిడ బతుకు. ఫోను వచ్చాక కూడా వీరబాబు బండిని ఒడ్డునే వదిలి, బురదలో పడుతూ లేస్తూ పరుగెత్తాడు. నేనూ వెనకే వెళ్ళాను. వెళ్ళేసరికి గేదె లేదు, కడుపులో దూడా లేదు. రత్తమ్మ ఏడవలేదు, తిట్టలేదు.

"బండి బాగుందా బాబూ?" అని అడిగింది, అంతే.

నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది నాకు. వారం తిరక్కుండా వీరబాబు ఆ బండి అమ్మేశాడు. రత్తమ్మ అతన్ని పిలవడం మానేసింది. పాకలో ఆవిడకి మిగిలింది ఒక్కటే, చచ్చిన గేదెకి మునుపటి ఈతలో పుట్టిన పడ్డ.

ఏడాదిపాటు సైకిలుతో నెట్టుకొచ్చి, ఈ ఆషాఢంలో నన్ను రాజమండ్రి రమ్మన్నాడు, బండి కొనడానికి. ఆషాఢంలో బండేంటయ్యా, శ్రావణం దాకా ఆగలేవా అన్నాను.

"రత్తమ్మగారి పడ్డకి నెలలు నిండాయి మాస్టారూ. చిట్టియ్య చెప్పాడు. దానికిది తొలిచూలు. అది శ్రావణం దాకా ఆగదు కదండీ."

చిట్టియ్య రత్తమ్మ పక్కింటివాడు. నేను బయల్దేరాను.

షోరూము కుర్రాడు నిగనిగలాడే బండ్లన్నీ చూపించాడు. వీరబాబు వాటివైపు చూడనైనా చూడలేదు. మూలనున్న ఎత్తు బండి దగ్గరికి వెళ్ళాడు. బురదకీ గతుకులకీ చేసినది. పళ్ళ టైర్లు, ఇంజను కింద రేకు, చేతులకి కాపు. ఎక్కితే ఒక కాలే నేలకి ఆనింది, మనిషి పొట్టి. దీన్ని ఒకసారి కింద పడుకోబెడతానన్నాడు. కుర్రాడు నావైపు చూశాడు, ఈయనకి మతి ఉందా అన్నట్టు. మేనేజరుతో మాట్లాడి ఒప్పించడానికి నా గొంతు ఎండిపోయింది. వీరబాబు రబ్బరు పట్టా మీద బండిని పక్కకి వాల్చి, నడుం ఆనించి, ఒక్కడే లేపాడు. ఇదే కావాలన్నాడు. గీతలు పడకుండా పూత వేస్తామంటే వద్దన్నాడు. సీటు కవరు తనే చింపేశాడు.

కాయితాల పని తేలి బండి చేతికొచ్చిన మర్నాడు పొద్దున, మేము రేవులో ఉండగా చిట్టియ్య ఫోను. పడ్డకి తెల్లవారుజామునుంచి నొప్పులు, దూడ కాళ్ళు కనిపిస్తున్నాయి, తల రావడంలేదు. ఆవిడ పిలవమనలేదు, నేనే చేస్తున్నానన్నాడు.

గోదావరికి వరద ఎర్రనీరు తగిలింది. బండిని పడవలో పడుకోబెట్టాం. హ్యాండిల్ కింద వీరబాబు తన తువ్వాలు మడిచి పెట్టాడు. అలవాటు ఎక్కడికి పోతుంది అనుకున్నాను. అతనికీ తెలిసినట్టుంది, వెంటనే లాగేశాడు. పడవ ఊగినప్పుడల్లా ఇనుము చెక్కకి రాసుకుంటూనే ఉంది.

అవతల మట్టిరోడ్డు నీట మునిగింది. మిగిలింది ఏటిగట్టు. రెండు వైపులా తుమ్మకంప కమ్మేసిన దారి. దాని ముందు వీరబాబు ఒక్క క్షణం ఆగాడు. వెనక కూర్చున్న నేను అతని భుజం పట్టుకున్నాను.

"గట్టిగా పట్టుకోండి మాస్టారూ," అని దూరాడు.

ముళ్ళు ట్యాంకు మీద కర్రుమంటూ గీసుకుపోయాయి. నా చొక్కా చిరిగింది. మలుపులో జారి ఇద్దరం పడ్డాం, అద్దం పగిలింది. నేను లేచేలోపే బండి లేచింది. అతను దానివైపు చూడలేదు.

పాకలో పడ్డ కళ్ళు తేలేసి ఉంది. రత్తమ్మ దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వీరబాబుని చూసి పొమ్మనలేదు. అతను మోచేతిదాకా సబ్బు రాసుకుని చెయ్యి లోపలికి పోనిచ్చాడు. దూడ తల వెనక్కి తిరిగి ఉందట. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. నాకు బడి గుర్తు రాలేదు, దేవుడు మాత్రం గుర్తొచ్చాడు. చివరికి జారిపడింది దూడ. కదల్లేదు. ముక్కులో గడ్డిపరక పెట్టి పొడిచాడు. తుమ్మింది. తల్లి మెడ తిప్పి నాకడం మొదలుపెట్టింది.

రత్తమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి అతని చేతుల మీద పోసింది. పోస్తూ బయటున్న బండిని చూసింది. తుమ్మ గీతలు, బురద, పగిలిన అద్దం.

"ఆ రోజూ ఇదే దారి బాబూ," అంది.

వీరబాబు తల దించుకుని చేతులు కడుక్కుంటూనే ఉన్నాడు.

"అవునండి. నేనే బండి మీద రాలేదు."

రత్తమ్మ ఇంకో చెంబు ముంచి పోసింది.