గేటు దగ్గర లేచి నిలబడిన మునివెంకటప్ప

2016 వేసవి. కోలారు బంగారు గనులు మూతపడి అప్పటికి పదిహేనేళ్ళు. ఆ గనుల ఊరు కేజీఎఫ్ నుంచి పొద్దున్నే రైలెక్కి బెంగుళూరులో పని చేసుకొచ్చే జనంలో నేనూ ఒకదాన్నిగా చాలాకాలం ఉన్నాను. తర్వాత ఆసుపత్రిలో నర్సు పని మానేసి మెడికల్ ఎస్కార్టుగా చేరాను. ఒంటరిగా విమానం ఎక్కలేని రోగి పక్క సీట్లో కూర్చుని, అతన్ని క్షేమంగా ఊరు చేర్చే నర్సును అలా పిలుస్తారు. నెలకు ఎనిమిది, పది ప్రయాణాలు. మా ఉరిగాం లైన్లలో, అంటే గని కార్మికుల ఇళ్ళ వరసల్లో, నాకు 'విమానమ్మ' అని పేరు కూడా పెట్టేశారు.

పేరు గొప్పే, తిండే దిబ్బ. ఎయిర్‌పోర్టు ఇడ్లీ గోడకేసి కొడితే తిరిగి చేతికొస్తుంది. అందుకని ఎక్కువగా తిరిగేవాళ్ళందరిలాగే నేనూ లాంజి కార్డు సంపాదించాను. లాంజి అంటే మెత్తటి కుర్చీలు, వేడి తిండి, కావలసినన్ని ఛార్జింగు ప్లగ్గులు ఉన్న గది. ఏ ఊరి లాంజిలో వడ బాగుంటుందో, ఎక్కడ కాఫీ కషాయంలా ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. ఆ విద్య చూసుకుని కాస్త పొగరు కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ రోజు ఢిల్లీ నుంచి బెంగుళూరుకు తీసుకురావలసిన మనిషి మునివెంకటప్ప. చాంపియన్ రీఫ్స్ గనిలో ముప్పై ఏళ్ళు రాయి తొలిచే మిషన్ పట్టినవాడు. రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ పట్టుకుంది. వైద్యం కోసం ఢిల్లీలో ఉన్న కూతురు సరళ దగ్గరికి వచ్చి రెండు నెలలయింది. భార్య నారాయణమ్మ పాడి ఆవును వదిలి రాలేనని ఊళ్ళోనే ఉండిపోయింది. ఉన్నట్టుండి ఆమెకు పక్షవాతం వచ్చింది. డాక్టర్లు ఇవాళో రేపో అన్నారు. సరళ ముందే పరిగెత్తింది. ఆక్సిజన్ మీద ఉన్న మనిషికి విమానంలో అనుమతి రావాలంటే కాగితాలకు సమయం పడుతుంది. అది వచ్చేసరికి రెండు రోజులు గడిచాయి.

అల్లుడు మమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపి వెళ్ళాడు. నా మాట వినగానే ముసలాయన ముఖం విప్పారింది.

"యా లైను పిల్లవమ్మా నువ్వు?"

"ఉరిగాం అప్పా. మా నాయన కూడా అండర్‌గ్రౌండే."

"అట్లయితే నా బిడ్డవే. మా నారాయణి తెలివి వచ్చినప్పుడల్లా 'వచ్చినాడా' అని అడగతా ఉండాదంట. సాయంకాలానికి పోతాము కదా?"

"నాలుగింటికంతా బెంగుళూరులో దిగుతాం. ఆరున్నరకు ఇంట్లో ఉంటావు అప్పా" అన్నాను. నేనిచ్చిన మాట అది.

కౌంటర్లో ఫిట్ టు ఫ్లై సర్టిఫికెట్ చూపించాను. ఆక్సిజన్ ఉంటే ఈ మనిషి ప్రయాణం చేయగలడని డాక్టరు రాసిచ్చే కాగితం అది. కాన్సంట్రేటర్ కూడా చూపించాను. చుట్టూ ఉన్న గాలిలోంచే ఆక్సిజన్ తీసి ముక్కు గొట్టంలోకి పంపే చిన్న మిషన్, బ్యాటరీతో నడుస్తుంది. ప్రయాణానికి పట్టే సమయానికి ఒకటిన్నర రెట్లు బ్యాటరీ చేతిలో ఉంటేనే ఎక్కనిస్తారు. అన్నీ సరిగ్గా ఉన్నాయి. సెక్యూరిటీ కూడా దాటాం. అప్పుడు చెప్పారు, విమానం గంటన్నర ఆలస్యమని.

గంటన్నరంటే మిషన్ ఒక బ్యాటరీ మింగేస్తుంది. గేటు దగ్గర ప్లగ్గులన్నిటికీ జనం ఫోన్లు తగిలించుకుని కూర్చున్నారు. లాంజి పై అంతస్తులో ఉంది. నా కార్డుకు ఒక్కరినే రానిస్తారు.

"అప్పా, ఈ ఖాళీ అయిన బ్యాటరీ ఛార్జి పెట్టుకొని వస్తాను. అరగంట. ఏమన్నా తింటావా?"

"ఇంత పెద్ద కట్టడంలో ఒక లోటా రాగి గంజి దొరకతాదా?"

"దొరకదు."

"ఇంగేమి వద్దు. నువ్వు తిని రా పో, పొద్దున్నించి ఏమీ తిన్లేదు" అన్నాడు.

గేటు దగ్గరున్న అమ్మాయికి ఒక మాట చెప్పి పైకి వెళ్ళాను. ప్లగ్గు దొరికింది. వడ వేడిగా ఉంది. ఒకటి తిన్నాను, బాగుందని ఇంకోటి పెట్టుకున్నాను. అరగంట నలభై నిమిషాలయింది.

కిందికి వచ్చేసరికి వీల్‌చైర్ చుట్టూ నలుగురు గుమిగూడి ఉన్నారు. మునివెంకటప్ప ముక్కున గొట్టం లేదు. మిషన్ ఆపేసి ఉంది. పెదవులు నేరేడు పండు రంగుకు తిరిగాయి. ఎయిర్‌పోర్టు డాక్టరు ఆయన వేలికి ఆక్సిమీటర్ పెట్టి చూస్తున్నాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చెప్పే క్లిప్పు అది. డెబ్బై ఎనిమిది చూపిస్తోంది. నేను వదిలి వెళ్ళినప్పుడు తొంభై మూడు.

జరిగింది గేటు అమ్మాయి చెప్పింది. ఆమె మంచికే పలకరించింది, "అంకుల్, ఆర్ యూ ఫిట్?" అని. ఆయన "ఫుల్ ఫిట్ మేడమ్" అన్నాడట. ఫిట్ అయితే ఆక్సిజన్ ఎందుకని ఆమెకు అనుమానం వచ్చి, నియమం ప్రకారం డాక్టరును పిలిచింది. డాక్టరు వస్తున్నాడని తెలియగానే ముసలాయన మిషన్ ఆపి, గొట్టం పీకి చొక్కా జేబులో దాచాడు. డాక్టరు ఎదురుగా వచ్చేసరికి వీల్‌చైర్లోంచి లేచి నిలబడ్డాడు. ఛాతీ ముందుకు పెట్టి, దగ్గు బిగబట్టి, నాలుగడుగులు నడిచి చూపించాడు. ఐదో అడుగుకు కూలబడ్డాడు.

అక్కడున్నవాళ్ళెవరికీ ఇది అర్థం కాలేదు. నాకు అర్థమైంది. గనిలో ఛాతీ పరీక్షంటే మా ఇళ్ళల్లో ఎంత భయమో నాకు తెలుసు. అన్‌ఫిట్ అని రాస్తే కిందికి దిగనివ్వరు, ఇంట్లో పొయ్యి వెలగదు. పరీక్ష రోజు పొద్దున మా అమ్మ చెంబుడు వేడినీళ్ళు తాగించి నాన్నను పంపేది, దగ్గు రాకుండా. నాన్న అద్దం ముందు ఛాతీ పొంగించి నిలబడటం ప్రాక్టీసు చేసేవాడు. మేం పిల్లలం నవ్వేవాళ్ళం. లైన్లలో అందరి నాన్నలూ అంతే. డాక్టరు కనిపిస్తే జబ్బు దాచాలి, అది వాళ్ళ ఒంట్లో నాటుకుపోయిన సంగతి.

గొట్టం తిరిగి పెట్టాను. పది నిమిషాల్లో తొంభైకి వచ్చింది. డాక్టరును బతిమాలాను, ముసలాయన భార్య పరిస్థితి చెప్పాను, చేతులు పట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు.

"సిస్టర్, ఇప్పుడే కళ్ళముందు పడిపోయిన మనిషిని ముప్పై వేల అడుగుల ఎత్తుకు ఎలా పంపను? ఒకరోజు చూసి, కొత్త సర్టిఫికెట్ తీసుకుని రేపు రండి" అన్నాడు. ఆయన స్థానంలో నేనున్నా అదే చెప్పేదాన్ని. కాగితం మీద 'అన్‌ఫిట్' అని రాసి సంతకం పెట్టాడు.

మునివెంకటప్ప ఆ మాటను గుర్తుపట్టాడు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషులో అదొకటి. "అన్‌ఫిట్టా? ముప్పై ఏండ్లు నన్ను ఎవురూ ఆ మాట అన్లేదమ్మా" అని రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

రాత్రి పది గంటలకు ఢిల్లీలో ఆసుపత్రి వార్డులో ఉండగా సరళ ఫోన్ చేసింది. ఏడుస్తూనే చెప్పింది. "అమ్మ పోయిందక్కా. తొమ్మిదింటి దాకా వాకిలి పక్కే చూస్తా ఉన్నింది. నాయనకు ఎట్లా చెప్తావో చెప్పు." చెప్పాను. ఆయన ఏడవలేదు. ఏడవడానికి కూడా ఊపిరి కావాలి.

మర్నాడు పొద్దున మళ్ళీ అదే ఎయిర్‌పోర్టు. ఈసారి కౌంటర్లో ఇంకో అమ్మాయి కాగితం తిప్పి చూసి, ఎలా ఉందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. "ఊపిరి ఆడదు తల్లీ. ఇరవై ఏండ్లాయ ఆడక. పది అడుగులు ఏస్తే పడిపోతాను. ఈ మిషన్ లేకుంటే సచ్చిపోతాను." నేను హిందీలో చెప్పాను. ఆ అమ్మాయి కాగితం మీద ముద్ర కొట్టి, అందరికంటే ముందు మమ్మల్నే విమానం ఎక్కించింది.

గాల్లోకి లేచాక చాలాసేపటికి ఆయన నా వైపు తిరిగాడు. "నిన్నే ఈ మాట చెప్పింటే ఎక్కించుకొని ఉందురు కదమ్మా?"

"లేదప్పా. నిన్న ఎట్లా చెప్పినా పంపించేవాళ్ళు కాదు" అన్నాను. నర్సుగా నేను చెప్పిన అబద్ధాల్లో అంత పెద్దది ఇంకోటి లేదు. ఆయన నమ్మాడో లేదో తెలియదు, కిటికీ వైపు తిరిగిపోయాడు. ఇల్లు చేరేసరికి నారాయణమ్మ ఐసు పెట్టెలో ఉంది. ముక్కుకు గొట్టంతోనే ఆ పెట్టె గాజు మీద చెయ్యి వేసి కూర్చున్నాడు. నాలుగు నెలలకు ఆయనా పోయాడు.

ఆ తర్వాత రోగి వెంట ఉండగా నేను లాంజి గడప తొక్కలేదు. గనుల్లో పనిచేసిన మనిషి నాకు అప్పగింతకొస్తే ఇంటి దగ్గరే కూర్చోబెట్టి చెప్తాను: ఇక్కడ జబ్బు ఉందని చెప్తేనే పంపిస్తారు, దాచితే ఆపేస్తారు అని. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. మునివెంకటప్పకు ఆ రెండు నిమిషాలు నేనివ్వలేదు. ఆయన డాక్టరును చూసి ఎందుకు లేచి నిలబడతాడో ఆ ఎయిర్‌పోర్టు మొత్తంలో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నేను పై అంతస్తులో రెండో వడ తింటున్నాను.