ఒకే మాటకు దుబాసీ

ఆ ఇంట్లో అమ్మాయిని అసలు పేరుతో పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ ఆమె దుబాసీయే. ఇద్దరి మధ్య భాష కుదరనప్పుడు అటు మాట ఇటూ, ఇటు మాట అటూ చేరవేసే మనిషిని అలాగే అంటారు కదా అని వాళ్ళ నాన్న వేళాకోళానికి తగిలించిన పేరది. వేళాకోళం కాస్తా ఉద్యోగమై కూర్చుంది. జీతం లేదు, సెలవు లేదు, పై అధికారి మాత్రం ఉంది. ఆవిడ ముందుగదిలో, కిటికీ పక్క మంచం మీద ఉంటుంది.

ఆవిడ మేనత్త. నాన్నకి స్వయానా అక్క. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరైంది. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "రోజంతా ఊళ్ళో మొగుడూ పెళ్ళాల్ని కలిపి, వాళ్ళ గొడవలు విని, మళ్ళీ ఇంటికొచ్చి నేనూ మొదలుపెట్టనా?" అనేది. అలాంటి నోరు. ఒకరోజు స్నానాల గదిలో కూలబడింది. కుడివైపంతా పడిపోయింది. ఆసుపత్రి నుంచి వచ్చేసరికి ఆ నోట్లో ఒకే ఒక్క మాట మిగిలింది. "కాదు." అన్నీ అర్థమవుతాయి, చెప్పాలనుకున్నది మనసులో ఉంటుంది, నోరు తెరిస్తే మాత్రం అదే వస్తుంది అని డాక్టరు చెప్పాడు.

డాక్టరు చెబితే మాత్రం ఎవరు చెవిన పెట్టారు? "తింటావా వదినా?" అని అమ్మ అడిగేది. "కాదు." ఆకలి లేదేమోనని కంచం తీసుకుపోయేది. అత్త కళ్ళనీళ్ళు పెట్టుకునేది. "ఫ్యాను వెయ్యనా అక్కా?" అని నాన్న అడిగేవాడు. "కాదు." సరేనని వదిలేసేవాడు. ఆవిడ చెమటతో తడిసిపోయేది. నాన్న సిటీ బస్సు డ్రైవరు, ఇంటికి వచ్చేసరికి ఒళ్ళు హూనమై ఉంటుంది. అమ్మ రెడీమేడ్ దుకాణాలకి బట్టలు సరిచేసి ఇస్తుంది. అంచులు మడవాలి, జిప్పులు మార్చాలి, మిషను ముందు నుంచి లేచిందంటే పని ఆగినట్టే. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఓపిక లేనివాళ్ళు, అంతే.

ఆ ఓపికేదో పిల్లకి వచ్చింది. డిగ్రీ ఆఖరి సంవత్సరం, ఫిజిక్సు. బుర్రలో ఎప్పుడూ ఏదో ఒక పురుగు తొలుస్తూ ఉంటుంది. ఆ పురుగుని పెట్టింది అత్తే. చిన్నప్పుడు జడ వేస్తూ చిక్కుప్రశ్నలు వేసేది. "ఒక ఊళ్ళో సగం మంది ఎప్పుడూ నిజమే చెబుతారు, సగం మంది ఎప్పుడూ అబద్ధమే చెబుతారు. నీకు దారి తెలియాలి. ఒకడు ఎదురయ్యాడు, ఒక్క ప్రశ్నే అడగాలి. ఏం అడుగుతావే?"

"వాడు అసలు నోరే విప్పకపోతే అత్తా?"

"అప్పుడు చచ్చినట్టు అక్కడే పడుంటావ్. కదలకు, జడ వంకరైపోతోంది."

ఆకాశంలో ఇంకెవరైనా ఉన్నారా అన్నది మరో పురుగు. ఉంటే ఇన్నాళ్ళూ ఎందుకు పలకలేదు? అందరూ చెవులు రిక్కించుకుని కూర్చున్నారేమో, మాట్లాడేవాడే లేడేమో. లేకపోతే వాళ్ళు ఒకే మాట పదేపదే అంటూ ఉంటే, మనం అదేదో గోల అనుకుని వదిలేస్తున్నామేమో. కాలేజీలో లెక్చరరు ఒకసారి అన్నాడు, మారకుండా ఒకేలా మోగే శబ్దం 'నేనున్నాను' అని తప్ప ఇంకేమీ చెప్పదనీ, కబురు ఎప్పుడూ మార్పులోనే ఉంటుందనీ. మిగతావాళ్ళు రాసుకున్నారు. ఈమె పుస్తకం మూసి ఇంటికి పరిగెత్తింది.

మంచం పక్కన కుర్చీ వేసుకుని, జవాబు ముందే తెలిసిన ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. నువ్వు నాన్నకి అక్కవా? నేను మగపిల్లాడినా? మనం ఉండేది చంద్రుడి మీదా? అన్నిటికీ కాదు, కాదు, కాదు. ఈ పిల్లకి మతి పోయిందన్నట్టు అత్త మొహం చిట్లించింది. అయినా వదల్లేదు. మాటని వినడం మానేసి మాటకి ముందున్న ఖాళీని వినడం మొదలుపెట్టాక గుట్టు దొరికింది. కానిదానికి "కాదు" ఠక్కున వచ్చేస్తుంది. అవునన్నదానికి నోరు ఒక్క క్షణం సరైన మాట కోసం తడుముకుంటుంది, దొరక్క చివరికి ఉన్నదాన్నే బయటికి తోస్తుంది. ఆ తడుముకోవడమే అవును.

"అత్తా, దాహం వేస్తోందా?" కాస్త ఖాళీ. "కాదు." నీళ్ళు తెచ్చి పట్టింది. గ్లాసంతా తాగి అత్త ఏడ్చింది, పిల్లా ఏడ్చింది, అమ్మ మిషను ఆపి వచ్చి సంగతేమిటో తెలియకుండానే తనూ ఏడ్చింది.

పిల్ల సంబరపడిందీ ఆ రోజే, కొంప మునిగిందీ ఆ రోజే. ఇక ఏం కావాల్సివచ్చినా "దుబాసీని పిలవండి" అనడం మొదలైంది. కాలేజీలో ఉంటే ఫోను మోగుతుంది. స్నానానికి వెళితే తలుపు బాదుతారు. స్నేహితురాళ్ళు ఎక్కడికైనా రమ్మని పిలిచి పిలిచి మానేశారు. "నువ్వూ నేర్చుకో అమ్మా, కాస్త ఆగి వినాలి, అంతే" అంటే, "నేను ఆగితే ఈ జిప్పులు నువ్వు కుడతావా? నీకున్న చెవి నాకెక్కడిదే?" అనేది అమ్మ. నిజం చెప్పుకోవాలంటే మొదట్లో పిల్ల కూడా గట్టిగా నేర్పలేదు. తనకొక్కదానికే తెలిసిన విద్య అని లోలోపల కాస్త గొప్పగానే ఉండేది. ఆ గొప్పే మెడకి చుట్టుకుంది. అత్త మంచానికి అతుక్కుపోతే, పిల్ల అత్త నోటికి అతుక్కుపోయింది. మూడు గదుల ఇల్లు రోజురోజుకీ ఇరుకైపోతున్నట్టు ఉండేది.

అలాంటప్పుడు దూరపు నగరంలో సీటు వచ్చింది. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాల్ని పట్టి చదవడం నేర్పే కోర్సు. నెలాఖరులోగా చేరకపోతే సీటు ఇంకొకరిది. ఇంట్లో చెబితే, అమ్మ చేతిలో గుడ్డ పక్కన పెట్టి, "మరి వదిన?" అంది. తిట్టి ఉంటే బాగుండేది. తిట్లకైతే ఎదురు చెప్పొచ్చు, దీనికేం చెబుతుంది?

నాన్న పెద్దమనిషిలా తీర్పు ఇచ్చాడు. "నిన్ను పెంచింది మీ అత్త. ఆవిడనే అడుగు. సరేనంటే నేనే దగ్గరుండి బస్సెక్కిస్తాను."

చూశారా తమాషా! అడగాల్సింది దుబాసీ, జవాబు విని చెప్పాల్సింది దుబాసీ, వెళ్ళాల్సిందీ దుబాసీయే. ఇంత చిక్కుప్రశ్న అత్త కూడా ఎన్నడూ వెయ్యలేదు.

ఆదివారం మధ్యాహ్నం ముగ్గురూ మంచం చుట్టూ చేరారు. పిల్ల అత్త ఎడమ చెయ్యి పట్టుకుంది. "అత్తా, నేను వెళ్ళనా?"

"కాదు." ఠక్కున. ప్రశ్న పూర్తి కాకముందే వచ్చినంత పని చేసింది.

అమ్మా నాన్నా పిల్ల మొహంలోకి చూశారు. అత్త కూడా చూసింది.

"సరేనంటోంది" అంది పిల్ల.

నాన్న అక్క నుదుటి మీద చెయ్యి వేసి, "నీది పెద్ద మనసక్కా" అన్నాడు.

"కాదు" అంది అత్త. "కాదు, కాదు, కాదు!" దుప్పటి గుంజి పడేసింది. మంచం కిర్రుమంది. నాన్న నవ్వుతూ పిల్లవైపు తిరిగాడు. "ఇప్పుడేమంటోంది?"

పిల్ల వంగి ఆ దుప్పటి తీసింది. ఒక మనిషికి లోకంతో మిగిలిన దారి ఒక్కటే, దాన్ని తన చేతులతోనే మూసేసింది. ఇంకో మాట అంటే చాలు, నెలాఖరుకి తను బయటపడుతుంది. అత్త లోపలే ఉండిపోతుంది, అరుస్తూ. సిగ్గుతో చచ్చిపోయింది.

"అబద్ధం చెప్పాను నాన్నా. వద్దంటోంది."

నాన్న మొహంలో నవ్వు పోయింది. "ఇందాక సరేనందన్నావ్. ఇప్పుడు వద్దందంటున్నావ్. ఏది నమ్మాలి? ఇన్నాళ్ళూ నొప్పంది, ఆకలంది అని చెప్పినవి?"

"అవన్నీ నిజమే నాన్నా."

"అదీ నువ్వు చెబుతున్నదేగా?"

అబద్ధమాడిన నోరు, నిజమే చెబుతున్నానని తనకి తనే సాక్ష్యం చెప్పుకుంటే చెల్లదు.

"లే" అన్నాడు నాన్న. కుర్చీలో తను కూర్చున్నాడు. "ఎలా వినాలో చెప్పు."

చెప్పింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. "అక్కా, నేను నీకంటే పెద్దవాణ్ణా?" ఠక్కున "కాదు." "చిన్నప్పుడు నీ సైకిలు గుంటలో పడేసింది నేనేనా?" ఖాళీ. "కాదు." నాన్న కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. అదే ప్రశ్న మళ్ళీ అడిగాడు, మళ్ళీ విన్నాడు. తర్వాత అసలు ప్రశ్న అడిగాడు. "పిల్లని పంపమంటావా?"

"కాదు." ఠక్కున.

"నువ్వు ఉద్యోగంలో చేరతానన్నప్పుడు మన నాన్న వద్దన్నాడు. విన్నావా నువ్వు?"

"కాదు." అదీ ఠక్కునే.

"మరి దీన్నెందుకు ఆపుతావే, మొండిదానా!"

"కాదు! కాదు!"

అక్కాతమ్ముళ్ళు గొంతు చించుకున్నారు. ఆవిడకి జబ్బు చేశాక ఆవిడతో ఎవరైనా పోట్లాడటం అదే మొదలు. "ఏమంటోంది?" అని ఎవరూ పిల్లవైపు తిరగలేదు.

అత్త ఒప్పుకోలేదు. నాన్న పంపించాడు. బయల్దేరేటప్పుడు "వెళ్ళొస్తానత్తా" అంటే గోడవైపు మొహం తిప్పుకుంది.

చేరిన మొదటి ఆదివారం పిల్ల హాస్టలు వరండాలో నిలబడి ఫోను చేసింది. నాన్న ఫోను అక్క చెవి దగ్గర పెట్టాడు.

"అత్తా, నా మీద కోపం పోయిందా?"

చాలా ఖాళీ. "కాదు."

పిల్లకి ప్రాణం లేచి వచ్చింది, అంతలోనే నీరుగారిపోయింది. ఇందాక నాన్న "బాగున్నావా" అన్న మాటా అంతే ఆలస్యంగా వచ్చింది. లైను ఈడుస్తోంది. ఆ ఖాళీ అత్తదో, లైనుదో. మళ్ళీ అడిగింది. అదే ఖాళీ, అదే మాట. నక్షత్రాల కబుర్లు పట్టడం నేర్చుకోవడానికి వచ్చిన మనిషికి సొంత మేనత్త మాట అంతుపట్టలేదు.

"ఏమంది నాన్నా?"

"పోయిందట తల్లీ. హాయిగా చదువుకోమంటోంది."

హాయిగా చదువుకోమనడానికి అత్త దగ్గర అన్ని మాటలెక్కడివి? ఆ కుర్చీలో కూర్చుని, అవతలి మనిషి వినాలనుకున్నది చెప్పెయ్యడం ఎంత తేలికో పిల్లకి తెలుసు. "సరే నాన్నా" అంది.

వెనక నుంచి అత్త గొంతు మళ్ళీ వినిపించింది. ఇప్పుడేమంటోందని అడగబోయి, మానుకుంది.