మూసిన గదిలో కూలర్

రెండేళ్ల క్రితం మండు వేసవిలో, పసిబిడ్డతో ఆసుపత్రి నుంచి రెంటచింతలలోని పుట్టింటికి వచ్చాను. నా కోసమని నాన్న కొత్త కూలర్ కొన్నాడు. బాలింతకి బయటి గాలి తగలకూడదని, చల్లదనం బయటికి పోకూడదని మా పెద్దమ్మ గది కిటికీలు రెండూ మూసేసి, సందుల్లో పాతచీర ముక్కలు కుక్కింది.

"ఇది ఏసీ కాదు పెద్దమ్మా! బయటి పొడిగాలి తడి ప్యాడ్ల గుండా వస్తేనే నీళ్లు ఆవిరై గాలి చల్లబడుద్ది. ఆ తేమ బయటికి పోవాల. కిటికీలు తియ్యి" అన్నాను.

"ఏమే, ముగ్గుర్ని కన్నదాన్ని, నాకు చెప్తున్నావా?" అంది.

మధ్యాహ్నానికి గది ఇడ్లీ పాత్రలా తయారైంది. పక్కబట్టలు చెమ్మగిల్లాయి. ఏడ్చి ఏడ్చి బిడ్డ ఒక్కసారిగా ఊరుకుంది. ముఖం కందిపోయి, మెడ వాల్చేసింది. పాలు పట్టబోతే నోరు తెరవలేదు. కుట్ల నొప్పి కూడా మరిచి లేచి, ఆ గుడ్డలు లాగి పారేసి కిటికీలు బార్లా తెరిచాను.

"పిల్లని చంపుతావేందే!" అని పెద్దమ్మ అరిచింది.

"చంపేది నువ్వే!" అని నేనూ అరిచాను.

అమ్మ పరిగెత్తుకొచ్చి కూలర్ వెనక భాగాన్ని కిటికీకి ఆనించింది. కాసేపటికి గది చల్లబడింది. బిడ్డ కళ్లు తెరిచి పాలు అందుకున్నాకే నాకు ఊపిరి వచ్చింది.

మర్నాడు పక్కింటి పిన్ని చూడ్డానికొచ్చి, "గది చానా చల్లగా ఉందే!" అంది.

"కిటికీలు తీసిపెట్టాం గదా! ఈ కాలం పిల్లలకేం తెలుసు, అన్నీ మనమే చెప్పాల" అంది పెద్దమ్మ.

గది ఆ రోజే చల్లబడింది గానీ, ఆ మాట గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.