సార్నియాలో మూడు నీళ్ళు

2022 సెప్టెంబరు మొదటి వారంలో నన్ను కెనడాలో ఒంటారియో ప్రావిన్సులోని సార్నియాకు, ఒక డ్రమ్ముల యార్డుకు కంప్లయన్స్ కోఆర్డినేటరుగా వేశారు. ఫ్యాక్టరీల వ్యర్థాలను సేకరించి, పనికొచ్చేవాటిని రీసైక్లింగుకు, పనికిరానివాటిని శుద్ధి కేంద్రాలకు పంపే కాంట్రాక్టు సంస్థ మాది. కోఆర్డినేటరంటే పెద్ద హోదా అనుకునేరు. యార్డు సూపర్‌వైజరుతో సమానం, మేనేజరుకు కింద. చట్టం ఏం చెప్పిందో పనివాళ్ళకు చెప్పడం, పనివాళ్ళు ఏం చేశారో కాగితం మీద ప్రభుత్వానికి చెప్పడం, అంతే నా ఉద్యోగం. రిటైర్మెంటుకు ఇంకా పది నెలలున్నాయి. ఈ పది నెలలూ గొడవలేకుండా గడిచిపోతే చాలనుకుంటూ వెళ్ళాను.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు సస్కచెవాన్ ప్రావిన్సులోని సస్కటూన్‌లో, వ్యవసాయ రసాయనాల డిపోలో పనిచేశాను. అక్కడి పద్ధతి వేరు. పురుగుమందు క్యానుగానీ డ్రమ్ముగానీ ఖాళీ అయిందంటే రైతు దాన్ని మూడుసార్లు నీళ్ళు పోసి కడగాలి. కడిగిన నీళ్ళను స్ప్రేయరు ట్యాంకులోనే పోసుకుని పొలానికి కొట్టుకుంటాడు కాబట్టి చుక్క వృథా కాదు. శుభ్రమైన క్యాన్లు సేకరణ కేంద్రానికి వస్తే వాటిని ముక్కలు చేసి రీసైక్లింగుకు పంపేవాళ్ళం. అడుగున జిడ్డు కనిపిస్తే తీసుకునేవాణ్ణి కాను. మురికి క్యాన్లు తెచ్చిన రైతులను వంద కిలోమీటర్లు వెనక్కి తిప్పి పంపిన ఘనత నాది. ఆ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు సరదా కూడా.

ఒంటారియో ఫ్యాక్టరీల వ్యవహారం దీనికి పూర్తిగా తలకిందులు. ఇక్కడ చాలా రకాల రసాయనాల విషయంలో, డ్రమ్ము అడుగున అంగుళంలోపు మిగిలితే అది ‘ఖాళీ’ కిందే లెక్క. మూత బిగించి, అలాగే డ్రమ్ములు బాగుచేసే కంపెనీకి పంపాలి. కడగడానికి వాళ్ళకు లైసెన్సు ఉంది, మనకు లేదు. మనం కడిగామా, ఆ నీళ్ళు కొత్తగా పుట్టిన పారిశ్రామిక ద్రవ వ్యర్థం అయి కూర్చుంటాయి. వాటిని నమోదు చేయాలి, వాటి వెంట రవాణా పత్రం నడవాలి, వాటిని తీసుకునేవాడు ఉండాలి. దేశం ఒకటే, డ్రమ్ము ఒకటే. సస్కటూన్‌లో కడగకపోతే తప్పు, సార్నియాలో కడిగితే తప్పు. ఇదంతా నాకు తెలుసు. పన్నెండు పేజీల ఓరియెంటేషన్ కాగితం ఇంగ్లీషులో రాసిందే నేను. ‘ఖాళీ డ్రమ్ము మూత తీయరాదు’ అన్న వాక్యం అందులో ఐదో పేజీలో ఉంది.

ఆ ఏడాది ఊళ్ళోని కాలేజీ మన పిల్లలతో నిండిపోయింది. కిరాణా కొట్టుకు వెళ్ళినా, కాఫీ కొట్టుకు వెళ్ళినా కౌంటరు వెనక నుంచి తెలుగు వినిపించేది. మా యార్డులోనూ శని, ఆదివారాలు పనికి ముగ్గురు చేరారు. అందులో శ్రావణిది సూర్యాపేట. ఎన్విరాన్‌మెంటల్ టెక్నీషియన్ కోర్సు చదువుతోంది. జనవరి నుంచి మా యార్డులోనే ఆమెకు కో-ఆప్ ప్లేస్‌మెంటు, అంటే చదువులో భాగమైన ఉద్యోగం, ఇస్తామని మేనేజరు డయాన్ ఒప్పుకుంది. ప్లేస్‌మెంటు పూర్తికాకపోతే ఆ కోర్సులో డిప్లొమా రాదు. నలభై దరఖాస్తులు పెడితే దొరికిన ఒకే ఒక్కటి ఇదని శ్రావణే నాతో చెప్పింది.

సార్నియాలో బస్సుల సంగతి దేవుడికే ఎరుక. యార్డు ఊరి చివర. అందుకని శనివారం పొద్దున ముగ్గురినీ నా కారులో తీసుకెళ్ళేవాణ్ణి. పాతిక నిమిషాల ప్రయాణం. వెనక సీట్లో వినేవాళ్ళుండి, స్టీరింగు ముందు అరవై నాలుగేళ్ళ మనిషి ఉంటే ఏమవుతుందో వేరే చెప్పాలా? జీడిమెట్లలో కెమిస్టుగా చేరిన రోజు దగ్గర మొదలుపెట్టి సస్కటూన్ దాకా లాక్కొచ్చేవాణ్ణి. పిల్లలు ఓపిగ్గా వినేవారు. నిద్రపోవడానికి వీల్లేదు కదా పాపం.

అక్టోబరులో ఒక శనివారం శ్రావణి, ఖాళీ డ్రమ్ములను కడగాలా అని అడిగింది. నేను అప్పటికి రైతులను వెనక్కి పంపిన కథ మంచి రసపట్టులో చెబుతున్నాను. “డ్రమ్మన్నాక మూడు నీళ్ళు పడాల్సిందేనమ్మా. బియ్యం కడిగినట్టే. లేకపోతే తీసుకునేవాడు మొహాన కొడతాడు” అన్నాను. అది సస్కచెవాన్ మాట అని చెప్పాలని నాకు తోచలేదు. కథలో ఉన్నాను కాబట్టి వినేవాళ్ళు కూడా కథలోనే ఉన్నారనుకున్నాను.

తరవాతి శనివారం నాకు ఇంటి దగ్గర పని ఉండి, వాళ్ళను దించేసి వెళ్ళిపోయాను. ఆ రోజు లేత్ మిషన్ల వర్క్‌షాపుల నుంచి వచ్చిన పద్నాలుగు కటింగ్ ఆయిల్ డ్రమ్ములను సోమవారం లారీకి సిద్ధం చేసి పెట్టడం శ్రావణి పని. ఇనుము కోసేటప్పుడు వేడెక్కకుండా పోసే నూనె అది. నీళ్ళు తగిలితే పాలలా తెల్లగా మారుతుంది. సూపర్‌వైజరు గ్లెన్ గేటు దగ్గర లారీ దించుకుంటున్నాడు. పదకొండు గంటలకు వెనక్కి వచ్చేసరికి యార్డు చివర వాననీటి కాలువలోకి తెల్లటి ధార పోతోంది. పొద్దున వాన పడడంతో కాలువ వాల్వు తెరిచే ఉంది. ఆ కాలువ వెళ్ళేది నదిలోకి. దిగువ ఊళ్ళు తాగేది ఆ నది నీళ్ళే.

గ్లెన్ పరుగెత్తి వాల్వు మూశాడు. ముందు, ఏదైనా ఒలికితే చెప్పాల్సిన ప్రావిన్సు ప్రభుత్వపు స్పిల్ లైనుకు ఫోను చేశాడు, తరవాత డయాన్‌కు, తరవాత నాకు. వరస అదే ఉండాలి. నది ఒడ్డున ఇన్ని రసాయన ఫ్యాక్టరీలున్న ఊళ్ళో ఒలికినదాన్ని దాచడమన్న మాటే లేదు. నేను వెళ్ళేసరికి వాక్యూమ్ ట్రక్కు కాలువలోది తోడేస్తోంది. శ్రావణి తడిసిన బూట్లతో గొట్టం చుట్టలు చుడుతోంది. నన్ను చూడగానే ప్రాణం లేచొచ్చినట్టు దగ్గరికి వచ్చింది.

“అంకుల్, నేను సరిగ్గనే కడిగిన. తొమ్మిది అయినయ్, ఒక్కోదానికి మూడేసి నీళ్ళు. అయినా గ్లెన్ ఎందుకంత సీరియస్ అయితుండు?”

డ్రమ్ముల వంక చూస్తే, అద్దంలా కడిగి, ఎండేందుకు వరసగా బోర్లించి ఉన్నాయి. మన దగ్గర నీలం డ్రమ్ము కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంటే అంతే శుభ్రంగా కడుగుతాం. ఆ పిల్ల బద్ధకించి చేసిన తప్పు కాదది. ఒళ్ళు వంచి, చెప్పింది చెప్పినట్టు చేయడం వల్ల జరిగింది. చెప్పింది నేను. అయినా సోమవారం మాట్లాడదాంలే అన్నాను.

నది దగ్గర తీసిన నమూనాల్లో ఏమీ కనిపించలేదు. అది మా అదృష్టం. సోమవారం విచారణ మొదలైంది. ఇలాంటి ఘటన జరిగితే పనిచేసిన మనిషి వాంగ్మూలం రాయాలి. దానికింద ‘మూలకారణం’ అన్న గడిని కంప్లయన్స్ కోఆర్డినేటరు, అంటే నేను, నింపి సంతకం చేయాలి. శ్రావణి వాంగ్మూలం నా బల్ల మీదికి వచ్చింది. నాలుగే వాక్యాలు. కడగమని తనకెవరూ చెప్పలేదని, శుభ్రంగా ఉంటే మంచిదని సొంత ఆలోచనతో చేశానని, ఓరియెంటేషన్ కాగితం తాను సరిగా చదవలేదని రాసింది. డయాన్ అప్పటికే ఒక మాట అనేసింది. సంతకం చేసిన నిబంధనను తెలిసి ఉల్లంఘిస్తే తొలగించక తప్పదు, ఇక ప్లేస్‌మెంటు ఊసే ఉండదని.

అబద్ధమెందుకు, ఆ కాగితం చదవగానే ముందు నాకు కలిగింది ఊరట. ఆ గడిలో ‘సూచనలు పాటించకపోవడం’ అని రెండు ముక్కలు గీకితే నా పని అయిపోతుంది. ఆమె రాసిందానికి నేను రాసేది అతుకుతుంది కూడా. ఆ పూటంతా కాగితాన్ని డ్రాయరులో పెట్టి ఊరుకున్నాను. ఆ ఒక్క పూట తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

సాయంత్రం కాలేజీ వదిలే వేళకు వెళ్ళి శ్రావణిని కలిశాను. నా పేరు ఎందుకు రాయలేదని అడిగాను. తల వంచుకుని బ్యాగు జిప్పు వేస్తూ తీస్తూ నిలబడింది.

“మీ పేరు ఎట్ల రాస్త అంకుల్? మీరు మమ్మల్ని కార్ల తీస్కపోతరు, తీస్కొస్తరు. పెద్దోళ్ళ మీద చెప్పుడు మంచిగుంటదా? మీరు రిటైర్ అయ్యేటోళ్ళు. నాదేముంది, ఇంకోటి అప్లై చేస్కుంట.”

ఇంకోటి దొరకదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. నాకు ఒక్కసారిగా కోపం వచ్చింది. ఆమె మీద కాదు. పెద్దవాడికి మర్యాద ఇవ్వాలని నేర్పి, ఆ మర్యాద చాటున మమ్మల్ని హాయిగా దాక్కోనిచ్చే మా అలవాటు మీద. ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. ఐదో పేజీలో ఉన్న వాక్యాన్ని శ్రావణి చదివే ఉంది. అయితే కాగితం ఒకలా, అంకుల్ ఒకలా చెప్పినప్పుడు, అనుభవమున్న అంకుల్ మాటే అసలు పద్ధతి అయి ఉంటుందనుకుంది. ఇంగ్లీషులో పన్నెండు పేజీలు రాసినవాణ్ణి, తెలుగులో ఒక్క ముక్కతో వాటిని నేనే కొట్టేశాను.

మర్నాడు పొద్దున మూలకారణం గడిలో రాశాను: ‘కోఆర్డినేటరు పనివేళ కాని సమయంలో, వేరే ప్రావిన్సులోని వేరే రంగానికి చెందిన పద్ధతిని, ఆ తేడా చెప్పకుండా, తెలుగులో నోటిమాటగా చెప్పాడు. ఉద్యోగిని దానిని సూచనగా తీసుకుని పాటించింది.’ కింద సంతకం పెట్టి, కాగితం స్వయంగా పట్టుకెళ్ళి డయాన్‌కు ఇచ్చాను. ఆమె రెండుసార్లు చదివి, ఇది నా ఫైలులోకి వెళ్తుందని చెప్పింది. వెళ్ళాలి కదా అన్నాను. శ్రావణిని పిలిపించి, వాంగ్మూలం మళ్ళీ రాయించాం. ఆమె నా పేరు రాసేముందు నావైపు చూసింది. అక్షరాలు సరిగా రాయమన్నాను, ఇంటిపేరుతో సహా.

నాకు లిఖితపూర్వకంగా మందలింపు వచ్చింది. ఓరియెంటేషన్ బాధ్యత తీసేసి గ్లెన్‌కు ఇచ్చారు. అంతటితో వదల్లేదు. ఆ తరవాతి శనివారం పిల్లలతోపాటు నన్నూ కూర్చోబెట్టి గ్లెన్ మళ్ళీ మొత్తం పాఠం చెప్పాడు. నేను రాసిన కాగితాన్నే నాకు చదివి వినిపించాడు. ఐదో పేజీ దగ్గర ఆగి, నా వైపు చూసి, రావుకు అర్థమైందా అని అడిగాడు కూడా. గది గదంతా నవ్వింది, శ్రావణి తప్ప. అర్థమైందన్నాను. ఆమెను రెండు వారాలు డ్రమ్ముల జోలికి రానివ్వలేదు, అంతే. జనవరిలో ప్లేస్‌మెంటు మొదలైంది. నేను రిటైరయ్యే నాటికి రవాణా పత్రాల్లో నా తప్పులు పట్టే స్థితికి వచ్చింది.

ఆ కారు ప్రయాణాలు మాత్రం మానలేదు. మాట్లాడటమూ మానలేదు, అది నా వల్ల అయ్యే పని కాదు. అయితే సస్కటూన్ పేరెత్తగానే వెనక సీట్లోంచి, “అంకుల్, ఇది కథనా, పద్ధతినా?” అని అడిగేవారు.

ఇందులో నేను నేర్చుకున్నది చిన్నది. వ్యర్థాల పనిలో ఏ పద్ధతీ తనంతట తాను సరైనది కాదు. ఏ ప్రావిన్సులో, ఏ డ్రమ్ముకు, కడిగిన నీళ్ళు ఎక్కడికి పోతాయన్నదాన్ని బట్టి అది సరైనదవుతుంది. అనుభవం పెరిగేకొద్దీ మనిషి ముందుగా మరిచిపోయేది ఈ సంగతే. పద్ధతిని నోటితో చెప్పినవాడు, కాగితం మీద పేరు పెట్టడానికి కూడా సిద్ధంగా ఉండాలి.

శ్రావణి ఇప్పుడు మానిటోబాలో, విన్నిపెగ్‌లోని ఒక యార్డులో నేను చేసిన ఉద్యోగమే చేస్తోంది. కొత్తగా చేరేవాళ్ళ కోసం రాసిన ఓరియెంటేషన్ కాగితాన్ని పోయిన చలికాలంలో నాకు పంపి, తప్పులుంటే చూడమంది. నాలుగే పేజీలు. మొదటి వాక్యం, ఈ పద్ధతులు మానిటోబాలోని ఈ యార్డుకు మాత్రమే అని. ఆఖరి వాక్యం, ఇందులో లేనిది మీకెవరు చెప్పినా, చెయ్యకముందే చెప్పినవారి పేరుతో సహా నాకు చెప్పండి, వాళ్ళు ఎంత పెద్దవాళ్ళయినా సరే అని.

ఆ చివరి ముక్క ఎవరి గురించో నాకు తెలుసు. దిద్దేదేమీ లేదని జవాబు రాశాను.