ముందు చేరిన రెండో ఉత్తరం

ఢిల్లీలో మెట్రో ఇంకా కొత్తగా ఉన్న ఆ సంవత్సరాలలో నేను ఓల్డ్ రాజిందర్ నగర్‌లో ఒక అద్దె గదిలో ఉంటూ ఎం.ఫిల్. చేసేదాన్ని. ప్రతి ఉదయం పాత దస్త్రాలు భద్రపరిచే కార్యాలయానికి వెళ్లి, అనుమతించిన పెన్సిలుతోనే నోట్సు రాసుకునేదాన్ని. మా ఇంట్లో డిగ్రీ అందుకున్న మొదటి మనిషిని కావడం వల్ల, తప్పు రాస్తానేమోనన్న భయం నన్నెప్పుడూ వదిలేది కాదు.

నాకు దొరికినవి ఇద్దరు ఓడ వర్తకుల ఉత్తరాలు. ఒకరు కాకినాడ దగ్గరి కోరంగి రేవులో ఓడ యజమాని. మరొకరు రంగూన్‌లో ఉండి టేకు కొనే భాగస్వామి. వారసులు తరువాత ప్రభుత్వానికి పెట్టుకున్న అర్జీకి జతచేసిన ఆ ఉత్తరాలు అలా ఢిల్లీ దాకా వచ్చాయి. రంగూన్ మనిషి ఒక ఉత్తరంలో "ధర దిగింది, ఓడను వెంటనే పంపండి" అన్నాడు. తరువాతి ఉత్తరంలో "ధర మండిపోతోంది, పంపకండి" అన్నాడు. ఓడ బయలుదేరాక మాట మార్చిన మోసగాడని నేను తేల్చుకున్నాను. అలా రాసిన నా సెమినార్ పత్రం సారాంశాన్ని మా పర్యవేక్షకురాలు శాఖలో అందరికీ పంచారు కూడా. సెమినార్‌కు రెండు రోజులే ఉన్నాయి. ఆ వాదన నిలబడకపోతే నా పరిశోధన అక్కడితో ఆగిపోతుంది.

ఒక్క సందేహం మాత్రం తొలుస్తూనే ఉంది. ఆ మోసగాడితో కోరంగి యజమాని చివరిదాకా వ్యాపారం ఎందుకు చేశాడు?

దస్త్రాలు తెచ్చిచ్చే ఉద్యోగి కాకినాడ వారు. నన్ను సొంత మనిషిలా పలకరించేవారు.

"ఏమ్మా, మొహం అలా వేలాడేశావేంటి? భోంచేశావా?"

"మోసగాడు దొరికాడు అంకుల్, మోసమే రుజువు కావట్లేదు."

ఆయన నా సందేహం విని నవ్వారు. "మోసపోయాక కూడా వాడితోనే బేరాలా? మా వైపోళ్లు అంత వెర్రోళ్లేం కాదమ్మా." ఓడను పంపమన్న ఉత్తరం మీదికి వంగి, "ఈ మొదటి పంక్తులు నీ నోట్సులో లేవేం?" అన్నారు.

"మర్యాద మాటలే కదండీ."

"అచ్ఛా, మర్యాదా! మా తాత సరంగు, ఓడలో పనివాళ్లందరికీ పెద్ద. వర్తకులు వెనకటి కబురు ఏ ఓడలో పంపిందీ, అందులో ఏం రాసిందీ చెప్పకుండా ఉత్తరం మొదలెట్టేవారు కాదని చెప్పేవాడు. ఆవిరి ఓడ ముందొచ్చేస్తది. తెరచాపది గాలిని బట్టి వస్తది. చదువు."

చదివాను. "తెరచాప ఓడలో పంపిన ఉత్తరం మీకు చేరి ఉండకపోవచ్చు. అందులో ధర ఎక్కువని, ఓడను పంపవద్దని రాశాను. ఇప్పుడు దిగింది."

ఉత్తరాల వెనుక కోరంగి గుమాస్తా ఇంగ్లీషు అంకెలతో అందంగా వేసిన తేదీలనే నేను నమ్మాను. అవి చేరిన తేదీలు. రాసిన రోజు లోపల తెలుగు మాసం, తిథులలో ఉంది. లెక్కకట్టడం కష్టమని దాన్ని పక్కన పెట్టాను. నా నోట్సు చీటీలన్నీ బల్లపై పరిచి తిథుల వరుసలో పేర్చాను. వద్దన్నది ముందు, పంపమన్నది తరువాత. ఒక్క మాటా అబద్ధం కాదు. ప్రతి ఉత్తరం తన ముందు ఉత్తరానికి సాక్ష్యం పలుకుతోంది. సముద్రం వరుస తప్పించినా ఆ ఇద్దరూ ఒకరినొకరు అనుమానించకపోవడానికి కారణం, నేను వదిలేసిన ఆ పంక్తులే.

"మొత్తం మళ్లీ రాయాలి అంకుల్" అన్నాను. నా గొంతులోని సంతోషం నాకే వింతగా తోచింది.

"ఠీక్ హై, ముందు టీ తాగు."

సెమినార్‌లో అందరి ముందూ పాత సారాంశం ఉంది. నేను నిలబడి ఇలా మొదలుపెట్టాను: "గతంలో పంపిన నా సారాంశం మీకు చేరింది. అందులో రంగూన్ భాగస్వామిని మోసగాడన్నాను. అది నా పొరపాటు. ఇప్పుడు చెప్పబోయేది దాని తరువాత రాసినది."

మా పర్యవేక్షకురాలు తన చేతిలోని సారాంశాన్ని బోర్లించి, ఖాళీగా ఉన్న వెనుకవైపున తేదీ వేసుకున్నారు.

"అచ్ఛా. ఆగే పఢో" అన్నారు. నేను చదవసాగాను.