ఇరవై ఎనిమిదో పేజీలో గుర్రం

సిద్దిపేటలో ఒక ఫంక్షన్ హాల్లో పాత ఇంగ్లీషు పుస్తకాలు తూకం వేసి అమ్ముతున్నారంటే వెళ్లాను. పెళ్లిళ్లు లేని వారం కాబోలు, భోజనాల బల్లల మీద పుస్తకాలు గుట్టలుగా పోసి ఉన్నాయి. మనవరాలి కోసం ఏరిన వాటిలో పిల్లల బొమ్మల పుస్తకం ఒకటి దొరికింది. అమెరికాలో ఉత్తరాది వాళ్లూ దక్షిణాది వాళ్లూ తమలో తాము చేసుకున్న యుద్ధం గురించి. లోపల ఏదో బడి లైబ్రరీ ముద్ర ఉంది. సేనాధిపతి బొమ్మకు ఉన్న మీసాలు చాలవని అక్కడి పిల్లలెవరో నీలం పెన్నుతో ఇంకో జత పెట్టారు. పిల్లలు ఎక్కడైనా పిల్లలేనని దాన్ని కూడా తూకంలో వేయించాను.

"కూరగాయలు తెమ్మంటే గివి జోకిచ్చుకొచ్చినవా?" అంది నా భార్య సంచి చూసి.

మనవరాలు రెండో తరగతి. చదువు ఇంగ్లీషు మీడియమే గాని, కథ మాత్రం తెలుగులో వినాలి. బడి నుంచి వచ్చి, గిన్నెలో అటుకులు పట్టుకొని నా పక్కన కూర్చునేది. నేను చదువుకొని తెలుగులో చెప్పేవాణ్ని.

మొదటి రోజే అడిగింది. "తాతా, మనం ఉత్తరమా, దక్షిణమా?"

"హైదరాబాద్ నుంచి చూస్తే ఉత్తరం. కరీంనగర్ నుంచి చూస్తే దక్షిణం."

"అయితే ఇద్దరూ మనల్నే కొడ్తరు," అంది దిగులుగా.

యుద్ధం ఎందుకొచ్చిందో కూడా చెప్పక తప్పలేదు. దక్షిణాన నల్లవాళ్లను కొని, అమ్మి, జీతం లేకుండా పొలాల్లో చాకిరీ చేయించుకునేవారని చెప్పాను.

"అంగట్ల బర్లను అమ్మినట్టా?"

"అట్లనే."

"పిల్లల్ని గూడనా?"

"పిల్లల్ని గూడ."

గిన్నె కింద పెట్టి ఆ పేజీని చాలాసేపు చూసింది.

అంత మాట దాచకుండా చెప్పిన నేను, గుర్రం దగ్గరకొచ్చేసరికి తడబడ్డాను. కథంతా ఆ గుర్రం చుట్టూనే నడుస్తుంది. గోధుమరంగు, నుదుటి మీద తెల్లమచ్చ, ఉత్తరాది సైన్యంలో ఫిరంగి బండి లాగే పని. ఏ బొమ్మలోనైనా అది ఎక్కడుందో ముందు వేలు పెట్టి చూపిస్తేగాని మనవరాలు కథ సాగనిచ్చేది కాదు. ఇరవై ఎనిమిదో పేజీలో ఆ గుర్రం చచ్చిపోతుంది. బొమ్మ కూడా వేశారు. ఎదుటి పేజీలో దాన్ని చూసుకునే సిపాయి టోపీ తీసి నిలబడి ఉంటాడు.

పత్రిక డెస్కులో పనిచేసిన చేతులు నావి. వార్త మరీ ఘాటుగా ఉంటే నాలుగు వాక్యాలు కోసి పంపడం వాటికి అలవాటు. అచ్చయిన పుస్తకాన్ని ఎట్లా కోస్తాం? పిల్ల స్నానానికి వెళ్లినప్పుడు ఆ రెండు పేజీలకూ గమ్ము రాసి అతికించేశాను. ఆ సాయంత్రం కథ ముగిస్తూ, యుద్ధం అయిపోయాక గుర్రాన్ని ఒక రైతు తన ఊరికి తీసుకుపోయాడనీ, పచ్చిగడ్డి మేస్తూ హాయిగా ఉందనీ చెప్పాను.

"ఆ ఊరు మన ఇబ్రహీంపూర్ లెక్క మంచిగుంటదా?"

"అచ్చం గట్లనే ఉంటది."

శనివారం బడిలో కథలు చెప్పే గంట. తను ఈ కథే చెప్పిందట. క్లాసంతా చప్పట్లు కొట్టిందట. సోమవారం ఆ పుస్తకం తెస్తే అందరికీ చూపిస్తానని టీచర్ అన్నదట.

ఆదివారం పొద్దున నా చాయ్ సగంలో ఉండగా పుస్తకం పట్టుకొచ్చింది.

"తాతా, ట్వంటీ సెవెన్ తర్వాత థర్టీ ఎట్లొస్తది?"

"అమెరికాల అట్లనే లెక్కపెడ్తరేమో," అన్నాను.

దళసరిగా ఉన్న ఆ కాగితాన్ని కిటికీలో ఎండకు పట్టింది. కాళ్లు చాచి పడి ఉన్న గుర్రం ఆకారం నాకూ కనిపించింది. గోటితో అంచు లేపి మెల్లగా విడదీసింది. అక్కడక్కడ కాగితం చిరిగింది గాని తెల్లమచ్చ మాత్రం చెక్కుచెదరలేదు.

ఏడుస్తుందనుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసింది.

"ఇది నా గమ్ము. నా బ్యాగుల నుంచి తీసినవ్."

నా భార్య వంటింట్లోంచి తొంగి చూసింది. "దొరికిండా? ఇన్నేండ్లకు దొరికిండు!"

"మనుషుల్ని అమ్మిన్రని చెప్పినవ్. గుర్రం సచ్చిపోయిందని చెప్పనీకి ఏమైంది?" అంది మనవరాలు.

నేను చాయ్ గ్లాసు అందుకున్నాను.

"రేపు టీచర్ బుక్కు సూస్తది. నేను అబద్ధం చెప్పిన అంటరు అందరు." పుస్తకం టప్పున మూసింది. "ఇగ నీ కథలు నాకొద్దు. పేపర్ల గూడ గిట్లనే రాసినవా?"

"అడుగు బిడ్డా, గట్టిగ అడుగు," అంది వంటింటి గొంతు.

పేపర్లో తప్పు పడితే మర్నాడు సవరణ వేస్తామని చెప్పాను.

"ఏడ వేస్తరు?"

"లోపలి పేజీల. కింద, ఒక మూలకు."

"పెద్దగ వేస్తరా?"

"చిన్నగ."

"తప్పు మొదటి పేజీల పడితే?"

"అప్పుడు గూడ గంతే."

ఇంత పెద్దమనుషులు ఇట్లాంటి పని చేస్తారా అన్నట్టు నన్ను చూసింది. "గట్ల నడవది. రేపు నువ్వే వచ్చి బోర్డు కాడ నిలబడి చెప్పాలె."

సవరణ రాశాను. మనవరాలే దిద్దింది. చివర అలవాటు కొద్దీ 'చింతిస్తున్నాం' అని పెడితే, "నీతోని ఇంకెవలున్నరు?" అని అడిగింది. నానమ్మ కూడా నాకేం సంబంధం లేదని చేతులు దులుపుకుంది. 'చింతిస్తున్నాను' అని మార్చాను.

సోమవారం ఇస్త్రీ చొక్కా వేసుకొని వెళ్లాను. ఫోన్లో ముందే చెప్పి ఉంచడంతో టీచర్ నవ్వు ఆపుకుంటూ పక్కకు జరిగింది. గుర్రం రైతు ఇంటికి పోలేదనీ, యుద్ధంలో చనిపోయిందనీ, కథ చెప్పిన అమ్మాయిది తప్పు కాదనీ, ఆమె తాతదనీ చదివాను. మూడో వరుసలో ఒక పాప చెయ్యెత్తింది.

"సిపాయి ఏడ్చిండా తాతా?"

పుస్తకంలో ఆ సంగతి లేదు. కానీ ఆ పాప మొహం చూస్తే, ఏడ్చాడనీ, తర్వాత ఇంకో గుర్రాన్ని తెచ్చుకున్నాడనీ చెబుదామనిపించి నోరు తెరిచాను. మొదటి బెంచీలోంచి మనవరాలు నన్నే చూస్తోంది.

"బుక్కుల లేదమ్మా," అన్నాను. "టోపీ తీసి నిలబడ్డడు. గంతే ఉంది."

ఆ సాయంత్రం మనవరాలు అటుకుల గిన్నెతో వచ్చి, ఇంకో పుస్తకం నా ఒళ్లో పెట్టి కూర్చుంది. రెండు పేజీలు చెప్పి మూడోది తిప్పబోతే నా చెయ్యి పట్టుకొని ఆపింది. కింద అంకె చూసింది. కాగితాన్ని వేళ్ల మధ్య పెట్టి నలిపి చూసింది.

"త్రీ," అంది. "ఇగ తిప్పు."